హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ

మన ఇళ్లల్లో నానీమాలు ఒక మాట అనేవాళ్లు: "హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ." జౌ అంటే యవల గింజ. లెక్క దగ్గర ఒక్క గింజ కూడా వదలొద్దు, దిల్ ఖుష్‌గా ఇచ్చేదయితే వందలైనా ఇచ్చేయ్ అని దాని మతలబు. చిలకలగూడలో మా వంటింట్లో నుంచి వాట్సాప్ మీద మసాలా అమ్ముతూ ఇన్నేళ్లలో నాకు అర్థమైందంతా ఈ సామెతలోనే ఉంది. ఇంటి నుంచి కొత్తగా వ్యాపారం పెట్టుకున్న చెల్లెళ్లు "ఆపా, నీకు గిరాకీ ఎట్లా పెరిగింది?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నా.

నేను అమ్మేది పొట్లీ కా మసాలా. నహారీ, పాయా, మరగ్ వండే ఇళ్లకు దీని గురించి చెప్పే పనిలేదు. ఖస్ కీ జడ్, పాన్ కీ జడ్, సందల్, ఎండిన గులాబీ రేకులు, పత్థర్ కా ఫూల్, కబాబ్ చీనీ, కపూర్ కచ్రీ అన్నీ మల్మల్ గుడ్డలో మూటకట్టి గిన్నెలో వేస్తే, సన్న మంట మీద గంటల తరబడి ఉడికి ఖుష్బూ దిగుతుంది. సామాన్లు బేగంబజార్ నుంచి తెస్తాను. ఏరడం, ఎండబెట్టడం, కట్టడం అమ్మీ, నేను కలిసి చేస్తాం. ఇద్దరు పిల్లల స్కూల్ ఫీజు ఈ పొట్లీల మీదే నడుస్తుంది. అందుకే నాకిది టైంపాస్ కాదు.

చిలకలగూడ అంటే రైల్వే వాళ్ల మొహల్లా. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే, చుట్టూ రైల్వే క్వార్టర్లు. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ హెడ్‌క్వార్టర్‌గా ఏర్పడింది. అప్పటి నుంచి ఇక్కడి కుటుంబాలకు ట్రాన్స్‌ఫర్ అనే మాట పెళ్లి, చావులంత మామూలు. గుంతకల్‌కు ఒకరు, విజయవాడకు ఒకరు, నాందేడ్‌కు ఇంకొకరు. ఇక్కడున్నప్పుడు అమ్మీ చేతి పొట్లీ ఊరికే తీసుకెళ్లిన పడోసీలే అక్కడికి పోయాక "ఖాలా, ఈ ఊళ్లో ఆ ఖుష్బూ దొరకట్లేదు, పంపించు" అని ఫోన్లు చేశారు. నా ఆన్‌లైన్ వ్యాపారం మొదలైంది ఆ ఫోన్లతోనే. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. అంతకు ముందే యూపీఐ వచ్చి ఉంది కాబట్టి మనియార్డర్ బాధ లేకుండా పోయింది. కానీ యాప్ వచ్చి గిరాకీని తేలేదు. గోడ అవతలి రిష్తా ముందే ఉంది, యాప్ దానికి దారి చూపించింది.

అందుకే నా దగ్గర అన్నిటికన్నా విలువైనది ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్. ఒక్కో గాహక్‌కు ఒక్కో పేజీ. ఎవరింట్లో ఎన్ని కిలోల గోష్త్ వండుతారు, ఎవరికి సందల్ వాసన పడదు, ఎవరి సాస్‌కు పళ్లు లేక ఎముక మెత్తగా ఉడకాలి, ఎవరు జుమా రోజు ఫోన్ తీయరు, అన్నీ రాసుకుంటాను. గుంతకల్ భాభీ మళ్లీ ఆర్డర్ పెట్టినప్పుడు "సందల్ తగ్గించి కట్టాను భాభీ" అంటే చాలు, ఆమె ఇంకో దుకాణం వైపు చూడదు. తీపి మాటలు అందరూ చెప్తారు. యాద్ పెట్టుకునేవాళ్లు తక్కువ.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక ఖాయిదా ఉంది, చాలామంది గమనించరు. మన నంబరు ఎవరు సేవ్ చేసుకున్నారో వాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. వాళ్ల ఫోన్లో మనకు పేరు లేకపోతే ఎంత అందమైన ఫోటో పంపినా గాల్లో కలిసిపోయినట్టే. అందుకే నేను రోజూ గుడ్ మార్నింగులు, ఫార్వర్డులు పంపను. రంజాన్‌కు ముందు ఒకసారి, బక్రీద్‌కు ముందు ఒకసారి, చలికాలంలో నహారీ రోజులు మొదలైనప్పుడు ఒకసారి, అంతే. పొట్లీ చేరిన నాలుగైదు రోజులకు మాత్రం ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను: "వండారా? ఎట్లా కుదిరింది?" ఆ జవాబుల్లోనే నాకు తరువాతి పాఠం ఉంటుంది.

రేటు ఎక్కువ అనే మాట రోజూ వినాల్సిందే. 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి అక్కచెల్లెళ్ల పచ్చళ్ల కథ మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. రేటు గురించి అడిగిన గాహక్‌కు పోయిన ఒక తిట్ల వాయిస్ మెసేజ్ రెండు రాష్ట్రాలూ తిరిగింది. ఆ తర్వాత ఆ ఆడపిల్లల మీద జనం చేసిన హేళన కూడా నాకు నచ్చలేదు. అదొక జుల్మ్. కానీ ఆ కథతో నాకు ఒకటి గట్టిగా తెలిసింది: దుకాణంలో నోరు జారితే నలుగురు వింటారు, ఫోన్లో జారితే దునియా అంతా వింటుంది. ఎవరైనా "ఇంత రేటా?" అంటే నేను పొట్లీ విప్పి ఫోటో తీసి పంపుతాను. ఇందులో ఏముంది, ఏది ఎంత ఖరీదు, చిన్న పొట్లీ ఎంతకు వస్తుంది, చెప్తాను. కొంటే షుక్రియా, కొనకపోతే సలాం. రిజ్క్ ఇచ్చేది అతను కాదు కదా.

సరుకు గురించి దాపరికం పెట్టుకోను. మదీనా బజార్లో ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టినప్పుడు లోపల తడి తగిలిన హదీసు మనకు తెలుసు. తడి గింజలు జనానికి కనపడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వ్యాపారిని అడిగారు. ఒక వానాకాలం నాకు గులాబీ రేకులు బాగా దొరకలేదు. "ఈసారి గులాబ్ కొంచెం తక్కువరకం, కావాలంటే నెల ఆగండి" అని అందరికీ రాశాను. సగం మంది ఆగారు. ఆ నెల నుక్సానే. కానీ ఆగినవాళ్లందరూ తర్వాత కొన్నారు, ఎత్‌బార్ కుదిరింది. పార్సిల్ విషయం కూడా అంతే. ఒకసారి కొరియర్ వాళ్ల దగ్గర పెట్టె తడిసి బూజు పట్టింది. పొట్లీ వాళ్ల చేతిలో పడేదాకా అది నా అమానత్. మళ్లీ కట్టి పంపాను.

ఇప్పటిదాకా చెప్పింది మొహబ్బత్ గురించి. అసలు కష్టం ఆ మొహబ్బత్‌లోనే ఉంది. మా గల్లీలో ఒక ఆపా ఖడా దుపట్టాలకు కామ్‌దానీ కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్మేది. చేతిలో హునర్ ఉంది, జుబాన్ చక్కెర. గాహక్‌లందరూ "ఆపా, ఆపా" అని ఆమె ఇంటి మనుషులైపోయారు. ఆ తర్వాత "షాదీ అయ్యాక ఇస్తాం ఆపా", "జీతం పడనీ ఆపా" అని ఉధార్ మొదలైంది. అడిగితే ఏమనుకుంటారో అని మురువ్వత్‌తో ఆమె నోరు తెరవలేదు. కుట్టిన కారీగర్లకు మాత్రం తన గాజులు పెట్టి డబ్బు కట్టింది. మూడో ఏడు మెషిన్లు అమ్మేసింది. ఆమెకు బాకీ ఉన్నవాళ్లు ఇప్పుడు గల్లీలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. దుకాణమూ పోయింది, రిష్తాలూ పోయాయి.

మురువ్వత్ మంచి గుణమే. కానీ అది ఆడవాళ్ల వ్యాపారాన్ని లోపల నుంచి తినేస్తుంది. "అయినవాళ్ల దగ్గర లెక్కలేంటి" అనే మాట మన ఇళ్లల్లో ఎక్కువ. అయితే ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏ విషయం మీద ఉందో గుర్తు చేసుకోండి. సూరా బఖరాలో 282వది, బాకీ రాసిపెట్టుకోవడం గురించి. చిన్నదయినా పెద్దదయినా రాయడానికి బద్ధకించొద్దని అందులో చెప్పారు. రాసుకోవడం అనుమానం కాదు, రిష్తాకు కాపలా.

కాబట్టి నా పద్ధతి ఇది. డబ్బు పడ్డాకే పార్సిల్ కడతాను, చిన్నమ్మకయినా అంతే. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ఉధార్ ఇస్తాను, తారీఖు వాళ్లతోనే చెప్పించి ఇద్దరి ఫోన్లలోనూ రాసి పెడతాను. ఆ రోజు వస్తే సిగ్గుపడకుండా ఒక లైను పంపుతాను: "సలాం భాభీ, ఈరోజు మన హిసాబ్ రోజు." రాత్రి ఇషా తర్వాత ఆర్డర్లు చూడను. యాప్‌లో అవే మెసేజ్ పెట్టి ఉంచాను, ఎవరూ బురా మానలేదు.

బఖ్షిష్ లెక్క వేరు. పిల్ల పుట్టిన ఇంటికి, గమీ జరిగిన ఇంటికి నా పొట్లీ ఊరికే పోతుంది. దాన్ని నోట్‌బుక్‌లో వేరే రంగు సిరాతో రాస్తాను, ఆ పేజీలో ధర గడి ఖాళీగా ఉంటుంది. మీరు వ్యాపారం మొదలుపెడితే మీ నోట్‌బుక్‌లో కూడా రెండు సిరాలు పెట్టుకోండి.