మూడోవాడు

మేం రిలే నేర్చుకున్నది చెరుకు గెడతో. మునగపాకలో గానుగాడే రోజుల్లో గెడకి కరువేముంది? జానెడున్నర ముక్క నరుక్కుని కర్రలాగా పట్టుకుని నలుగురం పరుగెత్తేవాళ్లం. చీకటి పడ్డాక దాన్నే నలుగురం నమిలేసేవాళ్లం.

నూరు మీటర్ల చొప్పున నలుగురు. నేను మూడోవాణ్ని, వంపు మీద పరుగెత్తేవాణ్ని. ఈ రిలేలో కర్ర అందుకునేవాడు వెనక్కి చూడకూడదు. వెనకవాడు కేకెయ్యగానే చెయ్యి వెనక్కి చాపాలి, అంతే. చూశాడా, పరుగు చచ్చిపోతుంది. నాలుగొందల మీటర్ల రిలేలో అలా కాదు. వచ్చేవాడు అలిసిపోయి వస్తాడు గనక తిరిగి చూసే అందుకుంటారు. మాది చూడకుండా అందుకునే రిలే.

మేం నూర్‌బాషాలం. నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో తెలుగే. మసీదుకెళ్తే ఉర్దూ రాని సాయిబుని, బజారుకెళ్తే ఉత్త సాయిబుని. వెనక్కి చాపిన చేతికి మాత్రం ఈ లెక్కలేవీ తెలీవు. గెడ అరచేతిలో పడిందా లేదా, అదొక్కటే దానికి తెలుసు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ తర్వాతి నెలలో మాకు పక్క ఊళ్లో పోటీలు. బయల్దేరే రోజు పొద్దున్న, మాకు పరుగు నేర్పిన మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. "ఊరుగాని ఊరు. రోజులు బాలేవు. నీ మంచికే చెప్తన్నాను బాబూ, ఈసారికి ఉండిపో." తిట్టినా బాగుణ్ను, ఎదురు చెప్పేవాణ్ని. మంచికి చెప్పినోడికి ఏమని ఎదురు చెప్తాం, మీరే చెప్పండి! మిగతా ముగ్గురూ నేలచూపులు చూశారు. బస్సెక్కారు.

ఇంటికొస్తే నాన్న దూదేకుతున్నాడు. తలెత్తకుండానే "మాస్టారన్నది నిజమే కదరా" అన్నాడు. మాస్టారి మాట కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

చాలా ఏళ్లకి మార్టీ గ్లిక్‌మన్ గురించి చదివాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా రిలే జట్టులో ఉండాల్సినవాడు. పద్దెనిమిదేళ్లు. 1986లో ఏథెన్స్‌లో మొదలైన ప్రపంచ జూనియర్ పోటీలు అప్పుడే ఉంటే, వాటిలో పరుగెత్తే ఈడు. హీట్స్ నాటి పొద్దున్న అతన్నీ శామ్ స్టోలర్‌నీ తప్పించారు. అమెరికా అథ్లెటిక్స్ జట్టులో యూదులు ఆ ఇద్దరే. చెప్పిన కారణం వేరు: జర్మన్లు గట్టి రన్నర్లని దాచి ఉంచారట, అందుకని జెస్సీ ఓవెన్స్‌నీ రాల్ఫ్ మెట్‌కాఫ్‌నీ దింపాలట. దింపారు. 39.8 సెకన్లతో ప్రపంచ రికార్డు, బంగారు పతకం. వాళ్ల గెలుపులో నాకేం పేచీ లేదు. కానీ గ్లిక్‌మన్ తర్వాత్తర్వాత చెప్పుకున్న మాటొకటి నన్ను పట్టుకుంది. నాకు మూడు పతకాలొచ్చాయి, వీళ్లని పరుగెత్తనివ్వండి అని ఓవెన్స్ అడిగాడట. సొంత దేశంలో తెల్లవాళ్లతో సమానం కాని నల్లవాడు అడిగాడు. నా ముగ్గురు స్నేహితులు అడగలేదు. పదిహేనేళ్ల గుంటలు, ఏమడుగుతారులే అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక్కోసారి అనిపించదు.

ఆ రోజు వాళ్లు గెలిచారో ఓడారో నేనిప్పటికీ అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. పెళ్లిళ్లలో కలుస్తాం, బెల్లం ధర గురించి మాట్లాడుకుంటాం.

2023 ఆగస్టులో మావాడు సెల్‌ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో మన మగవాళ్ల నాలుగొందల రిలే జట్టు, హీట్స్‌లో 2 నిమిషాల 59.05 సెకన్లు. ఆసియా రికార్డు. అమెరికా వెనకే రెండో స్థానం! ఫైనల్లో అయిదో స్థానమే వచ్చిందనుకోండి, అది తర్వాతి మాట. వాడు టైము చూస్తున్నాడు. నేను పేర్లు చూస్తున్నాను. మహమ్మద్ అనస్. అమోజ్ జాకబ్. మహమ్మద్ అజ్మల్. రాజేశ్ రమేశ్. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి.

అజ్మల్ మూడోవాడు. అతను కర్ర అందుకున్న చోటు మళ్లీ పెట్టమన్నాను.

"ఎన్నిసార్లు నాన్నా?" అన్నాడు మావాడు.