‘నేకెడ్’ అంటే ఇదా?

2003లో ‘లెట్ ఇట్ బీ... నేకెడ్’ వచ్చినప్పుడు అసలు బీటిల్స్ ఇప్పటికి దొరికారన్నట్టు మురిసిపోయిన విమర్శకులున్నారు. 1970 ఆల్బమ్‌కి ఫిల్ స్పెక్టర్ తగిలించిన వయొలిన్లు, కోరస్ గొంతులు తీసేశారు కదా, అదీ సంబరం. నాకు మాత్రం ఆ పొగడ్త మింగుడు పడదు.

‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ విషయంలో పాల్ మెకార్ట్నీ కోపం న్యాయమే, ఒప్పుకుంటాను. (సినిమా పాటల వయొలిన్లు వింటూ పెరిగిన చెవులు నావి, నాకు అదీ నచ్చుతుందనుకోండి!) కానీ పాటల మధ్య కబుర్లు ఏం పాపం చేశాయి? ‘డిగ్ ఇట్’, ‘మ్యాగీ మే’ అనే రెండు తుంటరి ముక్కలూ ఎగిరిపోయాయి. ‘గెట్ బ్యాక్’ చివర లెనన్ వేసే ఆడిషన్ జోకూ లేదు. విడిపోబోతున్న ఆ నలుగురూ ఇంకా కలిసి నవ్వగలరని తెలిసేది వాటివల్లే కదండీ.

పోనీ, మిగిలిందైనా ఉన్నదున్నట్టు ఉందా? 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీద ‘ఐవ్ గాట్ ఎ ఫీలింగ్’ రెండుసార్లు వాయించారు. ఆ రెండిట్లోంచీ ముక్కలు తీసి అతికించి, కంప్యూటర్లో శుభ్రం చేసి ఇందులో పెట్టారు. మా ఆఫీసులో మేం రోజూ చేసే పనీ అదే. దాన్ని ‘నేకెడ్’ అనాలని మాత్రం మాకింకా తట్టలేదు.

నా కార్లో మోగేది 1970దే.