చింతచెట్టు ఋణము

మన తెలుగిండ్లలో కృతజ్ఞత తెలుపుటకు నిత్యవ్యవహారమున నొక మాట లేదని కొందరు విద్యావంతులు విచారించుచుందురు. ధన్యవాదము లనునది సభలలో అధ్యక్షులకు సమర్పించు మాటయే గాని వంటయింటిలో పలుకు మాట గాదు. ఇది కొంతవఱకు నిజమే. కాని మా అమ్మమ్మ తరమువారు దాహమిచ్చినవారిని "నీ కడుపు చల్లగా" యని దీవించుచుండిరి; ఆపదలో నిలిచినవారితో "మీ మేలు మఱువను" అనుచుండిరి. మాటకు లోటు లేదు. ఆ మాట యెవరిని చేరుచున్నదనునదే నన్ను బాధించు ప్రశ్న. విందు ముగిసి భోక్తలు "అన్నదాతా సుఖీభవ" యన్నప్పుడు ఆ దీవెన యింటి యజమానునికి పోవుచున్నది. తెల్లవారినది మొదలు పొయ్యి యొద్ద నిలిచిన యామెకు గాని, ఎంగిలి విస్తళ్లు తీయు నామెకు గాని అందులో పాలు లేదు.

మా యిల్లు పాతబస్తీలోని శాలిబండలో నున్నది. చార్మినారు మీదుగా నడచి, నయాపూల్ దాటినచో అఫ్జల్‌గంజ్. అచట నదియొడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఆ యావరణలో నొక ముసలి చింతచెట్టు కలదు. ఈ నగరమున కృతజ్ఞతను గూర్చి యాలోచింపదలచినవారు మొదట చూడవలసినది దానినే యని నా యభిప్రాయము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. మఱుసటి యేట పరిశీలనకై రప్పింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి లెక్క ప్రకారము, మూసీకి నీరు చేరు ప్రాంతమందలి 788 చెరువులలో 221 తెగినవి. పైచెరువు తెగిన నీరు క్రిందిచెరువుపై బడి దానిని తెంచెను. ఆ నీరంతయు నొక్కమారు నగరముపై విరుచుకొని పడెను. పదునైదువేలమంది మరణించిరని చెప్పుదురు. నాటి అఫ్జల్‌గంజ్ వైద్యశాల తోటలోని ఈ చింతచెట్టు నెక్కి, కొమ్మలు పట్టుకొని, సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేటి ఆసుపత్రి సౌధము తరువాత కట్టినది. చెట్టు మాత్రము నాటిదే.

చింతచెట్టుపై దయ్యములుండునని మన యిండ్లలో పిల్లలను బెదరింతుము. ఆ దినమున ఆ కొమ్మలపై నున్నవారు మనుష్యులు. హిందువులని, మహమ్మదీయులని, ఈ కులమువారని, ఆ కులమువారని కొమ్మ లేర్పఱచుకొనుటకు వారికి తీరిక యుండి యుండదు. అసలు చింతపండు విషయమున మనకెన్నడును భేదము లేదు. మా యింటి పప్పుచారుకును ప్రక్కయింటి ఖట్టీదాలుకును పులుపొక్కటే.

మా బంధువులలో నొక పెద్దావిడ ఈ కథ విని, "ఆ నూటయేబదిమంది యేజన్మలో నెంత పుణ్యము చేసికొనిరో!" యనెను. మనలో ననేకుల కృతజ్ఞత యిట్టిదే. నేనామెకు అమ్జద్ హైదరాబాదీగారి సంగతి చెప్పితిని. రుబాయీలకు ప్రసిద్ధి కెక్కిన ఆ ఉర్దూకవి యా వరదలో తల్లిని, భార్యను, కూతును పోగొట్టుకొని తానొక్కడు బ్రదికి, 1961 వఱకు జీవించెను. ఆ తల్లికి పుణ్యము తక్కువయ్యెనా? ఆ పసిదాని పాపమేమి? "పిన్నీ, నీవు దేవునికి చెప్పు కృతజ్ఞత పోయినవారికి నింద యగుచున్నది గదా" యంటిని. ఆమె కోపింపలేదు. చాలసేపు మాటలాడక, పిదప, "అయితే బ్రదికినవా రేమి చేయవలెనే?" యని యడిగెను.

ఈ ప్రశ్నకు నగరము కొంత సమాధానము చెప్పినది. విశ్వేశ్వరయ్యగారి సూచన ననుసరించి 1920లో మూసీపై గండిపేట యొద్ద ఉస్మాన్‌సాగరును, 1927లో ఈసీనదిపై హిమాయత్‌సాగరును పూర్తిచేసిరి. ముంచిన నీటినే నిలిపి త్రాగునీరుగా పంచిరి. అంతకుముందు పాతబస్తీ దాహము తీర్చిన మీరాలం చెరువును, దాని కట్టకు గల 21 కమానులను మనము నేటికిని జంతుప్రదర్శనశాల ప్రక్కన చూడవచ్చును. 2004 మొదలు కృష్ణానీరు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, విద్యుచ్ఛక్తిచే మెట్టమెట్టకు ఎత్తబడి నగరమునకు వచ్చుచున్నది.

ఆ నీరు మా వీథిలోనికి దినము విడిచి దినము వచ్చును. మొదటి బిందెకు పసుపు కుంకుమ పెట్టి "గంగమ్మతల్లీ" యని మ్రొక్కు నిల్లాండ్రను నేనెఱుగుదును. ఆ మ్రొక్కు నాకును ప్రియమే. కాని బిందెలు నిండిన పిమ్మట గొట్టమును వాకిట వదలి, నీరు కాలువలో బాఱుచుండగా లోపలికి పోవు వారును ఆ యిల్లాండ్రే. ఆ కాలువ మూసీకి చేరును. మన యిండ్ల మురికి నంతయు నందులో విడిచి, నయాపూల్‌పై ముక్కు మూసికొని పోవుచు, నది కంపు కొట్టుచున్నదని నదినే నిందించుచున్నాము!

మా పిన్ని ప్రశ్న నన్ను వదలలేదు. కడచిన వేసవి మొదలు, నీరు వదలుటకు వచ్చు లైన్‌మనుకు మజ్జిగ యిచ్చుట మా యింట నలవాటు చేసితిని. మొదటిదినమున నాతడు తీసికొనుటకు సందేహించి, "నీళ్లు రానినాడే మేము యాదికొస్తమమ్మా, వచ్చిన నాడు ఎవ్వలు అడుగుతరు?" అనెను. పిల్లలు ఇప్పు డతనిని పేరు పెట్టి మామా యని పిలుచుచున్నారు. గొట్టము కట్టివేయు పని వారిదే. అందుకై యొకరితో నొకరు పోట్లాడుచున్నారు గూడ.

ఏటేట సెప్టెంబరు 28న కొందరు ఆ చింతచెట్టు క్రింద చేరి 1908ని స్మరించుచున్నారు. ఒక యేడు మా పిన్నిని గూడ తోడ్కొని పోయితిని. ఆమె చెట్టు మ్రానుపై అఱచేయి యుంచి, "ఎంతమందిని మోసితివమ్మా" యని గొణిగెను. ప్రక్కనే, రోగిని లోపల విడిచి వచ్చిన యొక పల్లెటూరి ముసలమ్మ, మూట తలక్రింద బెట్టుకొని ఆ నీడలో గాఢనిద్ర పోవుచుండెను. దయ్యముల భయ మామె కున్నట్లు లేదు.