తాతయ్య కళ్లద్దాలు

నిన్న మా జంషెడ్‌పూర్ కద్మాలో పోటీలో మా వీధి పిల్ల ఏకపాత్రాభినయం. ఝాన్సీ రాణి కాదు, రుద్రమదేవీ కాదు... బెస్సీ కోల్మన్! నెత్తిన మంకీ క్యాప్, తాతయ్య స్కూటర్ కళ్లద్దాలు, మెడకి వాళ్లమ్మ చున్నీ. బెస్సీ అంటే షికాగోలో మంగలి షాపులో గోళ్లు తీర్చిదిద్దే నల్లజాతి అమ్మాయి. అమెరికాలో ఎవరూ విమానం నడపడం నేర్పమంటే, ఫ్రెంచి నేర్చుకుని మరీ ఫ్రాన్స్ వెళ్లి 1921లో లైసెన్సు తెచ్చుకుంది. మన జేఆర్డీ టాటాకి 1929లో గానీ రాలేదు సుమా!

పిల్ల మంచి ఊపులో ఉండగా సోనారీ ఎయిర్‌పోర్టు వైపు నుంచి చిన్న విమానం ఒకటి నెత్తి మీదుగా పోయింది. డైలాగు ఆపేసి, కళ్లద్దాలు పైకి తోసి, దానికి చెయ్యి ఊపింది. నాకైతే అక్కడే ఒళ్లు జలదరించింది.

ఫస్టు ప్రైజు మాత్రం మళ్లీ ఝాన్సీ రాణికే.