నారు మాడితే శాపమేనా?



మొన్న ప్రార్థనకు వచ్చిన ఒక తల్లి, "అయ్యగారూ, మా ఇంటి మీద ఏదైనా శాపముందా?" అని అడిగింది. అప్పు తెచ్చి టమోటా విత్తనం కొన్న ఇల్లు అది. ట్రేలకు ట్రేలు నారు మాడిపోయింది. ప్రార్థన చేశాను. తర్వాత ఒక ట్రే తెచ్చి చూపించమన్నాను. యోబు స్నేహితుల్లాగా, కష్టం వచ్చిందంటే పాపమే కారణమని తేల్చేయడం నాకు చేతకాదు.

ఆకుల అంచులు కాలినట్టున్నాయి. వేళ్ళ కొనలు గోధుమ రంగుకు తిరిగాయి. ట్రే పైన తెల్లటి పొర. ఇవి ఉప్పు గుర్తులు.

ఇప్పుడు మన కర్నూలు, కడప పల్లెల్లో నారు పోసేవాళ్ళు ట్రేలలో మట్టికి బదులు కోకోపీట్ నింపుతున్నారు. తేలిక, తడి నిలుపుతుంది, మంచిదే. అయితే కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు పుట్టుకతోనే ఉంటాయి. ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన పీచైతే ఇంకా ఎక్కువ. మంచినీళ్ళతో బాగా కడిగితేనే పోతాయి. కడిగిందీ కడగందీ కంటికి ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే.

అందుకే నింపే ముందు మూడు కుండీలు పెట్టండి. మొదటిదాంట్లో కోకోపీట్, బోరు నీళ్ళు. రెండోదాంట్లో అదే కోకోపీట్, వాన నీళ్ళు. మూడోదాంట్లో బాగా పండిన చేను మట్టి, వాన నీళ్ళు. ఒక్కోదాంట్లో 20 పెసలు వేయండి. మొలక చూసి తొందరపడొద్దు, ఆకులు విప్పేదాకా ఓ 10 రోజులు ఆగండి. మొదటిదొక్కటే చెడితే తప్పు నీళ్ళది. మొదటి రెండూ చెడితే కోకోపీట్‌ది. మూడూ చెడితే పెసలనే అనుమానించాలి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పే గనుక రెండో కుండీ మానొద్దు.

ఈసీ మీటరుంటే పని ఇంకా సులువు. గ్లాసు కోకోపీట్‌కు గ్లాసున్నర డిస్టిల్డ్ వాటర్ కలిపి, వడగట్టి చూడండి. 0.5 మిల్లీసీమెన్స్ లోపుంటే నారుకు భయం లేదు. ఎక్కువుంటే కడిగి మళ్ళీ చూడండి.

చేను మట్టికైతే ఎకరాకు 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో తవ్వి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో పంపాలి. గట్ల దగ్గర, చెట్ల కింద, ఎరువు కుప్ప వేసినచోట తీయొద్దు. ఊటుకూరు, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చెబుతారు. చౌడు అనగానే జిప్సం చల్లేవాళ్ళున్నారు. పీహెచ్ 8.5 దాటిన క్షార నేలకు అది మందు. ఉత్త ఉప్పు చౌడుకు కావలసింది మంచినీరు, మురుగు పోయే దారి. ఏ చౌడో తెలియకుండా బస్తాలు కొనడం దండగ.

ఆదివారం ఆరాధన అయ్యాక మీటరు మందిరం అరుగు మీద ఉంటుంది. గిన్నెడు కోకోపీట్, సీసాడు బోరు నీళ్ళు తెచ్చుకోండి. సీసా మీద పేరు రాయండి, పోయినసారి అన్నీ కలిసిపోయాయి.