బారు తిన్నంక మళ్ల ఆకలెందుకయితది వదినా?

వదినా, బట్టలు ఆరేసుడు అయినంక జెర గోడకాడికి రా, నీతోని మాట్లాడేది ఉన్నది. నీ బిడ్డ ముచ్చటే. పొద్దుగాల ఏం తినకుంట పండ్ల ఎనర్జీ బారు ఒకటి సంచిల ఏసుకొని కామారెడ్డి బస్సెక్కుతున్నదని, సాయంత్రం ఎల్లారెడ్డిల దిగి ఇంటికొస్తే గిన్నెలన్ని ఊడుస్తున్నదని మొన్న అంటివి గదా. పిల్ల మీద కోపం చేసుకోకు. ఆమె తప్పు గాదు, తిన్నదాని తీరే అట్లుంటది.

పండుల ఎక్కువ భాగం నీళ్లే. ఇంచుమించు 4 కిలోల ద్రాక్షలు ఎండితె కిలో కిస్మిస్ అయితది. 100 గ్రాముల ద్రాక్షల 70 కేలరీల దాంక ఉంటే, అన్నే గ్రాముల కిస్మిస్‌ల 300 ఉంటయి. ఖర్జూరం గూడ దాని దగ్గర్లనే. బారు చేసేటోళ్లు గీ ఎండిన పండ్లనే మెత్తగ నూరి, ముద్ద చేసి, అచ్చుల ఒత్తుతరు. కేలరీలు అట్లనే ఉన్నయి, నీళ్లు పోయినయి. కడుపు సాగినప్పుడు ఇగ చాలని నరాల మీదికెళ్లి మెదడుకు కబురు పోతది. రెండు వేళ్లంత బారుతోని కడుపు ఏం సాగుతది చెప్పు?

ఇంకోటి, నములుడు. 1977ల ఇంగ్లండు డాక్టర్లు ఒక పరీక్ష చేసిన్రు, లాన్సెట్ పత్రికల అచ్చయింది. పది మందికి ఆపిళ్లు ఒకసారి పండుకు పండు, ఒకసారి గుజ్జు చేసి, ఒకసారి రసం తీసి ఇచ్చిన్రు. చక్కెర అన్నిట్ల సమానమే. పండ్లు తినెటందుకు 17 నిమిషాలు పట్టింది, గుజ్జుకు 6, రసానికి నిమిషంనర. కడుపు నిండినట్టు అనిపించుడు గూడ అదే వరుసల తగ్గుకుంట వచ్చింది. రసం తాగినోళ్లకు ఇన్సులిన్ ఎక్కువ ఊరి, రక్తంల చక్కెర మునుపటి కన్న కిందికి పోయింది. బారు రసం గాదు, ఒప్పుకుంట. పీచు కొంత ఉంటది, అందుల పల్లీలో బాదములో పలుకులుగ ఉంటే ఇంకా నయం. అయినా పండు కన్న అది గుజ్జుకే దగ్గర.

పీచుంటే తిన్నది నిదానంగ దిగుతది. పేగుల కింది భాగానికి చేరినంక అక్కడ జీఎల్‌పీ-1 అనే హార్మోను ఊరి ఆకలి అణుగుతది. బరువు తగ్గుడుకు ఇప్పుడు పట్నంల వేలకు వేలు పోసి ఏసుకుంటున్న సూదులు ఆ హార్మోను పనినే చేస్తయి. మనకు లింగంపేట, గాంధారి దిక్కు గుట్టల మీద దసరా యాళ్లకు సీతాఫలాలు ఎట్ల కాస్తయో నీకు చెప్పాల్నా! ఒక్కో తొన చప్పరించి గింజ ఉమ్మేసుకుంట తినాలె. ఒక్క పండుకే పది నిమిషాలు. రెండు తిన్నంక మూడోదానికి చెయ్యి పోదు. గా గింజలే మనల ఆపుతయి. బారుల ఆపేది ఏమున్నది?

మెటబాలిజం పెరుగుతదని ప్యాకెట్ల మీద రాస్తున్నరే, దాని సంగతి గూడ విను. అరిగించుకునెటందుకు గూడ ఒళ్లు కొంత శక్తి ఖర్చు పెడతది. ప్రొటీనైతె దాంట్ల ఉన్న శక్తిల నూటికి 20 నుంచి 30 వంతులు అరుగుదలకే పోతది. పిండి, చక్కెరలకు 5 నుంచి 10, కొవ్వుకు 3 లోపటనే. పండ్ల బారుల ఎక్కువున్నది చక్కెరనే గదా, మరి పెరిగేది ఎక్కడ? ఎనర్జీ అంటే కేలరీలే. బస్సుల కూసున్న పిల్లకు అవి ఖర్చు గాకుంటే ఒంట్లనే దాగుతయి.

ప్యాకెట్ వెనుక చదువుమను బిడ్డను. బరువుల ఏది ఎక్కువుంటే దాని పేరు ముందుగాల రాయాలె, అది నియమం. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, పండ్ల రసం కాన్సన్‌ట్రేట్ అని ముందు వరుసల కనబడితె అదంత చక్కెర కిందనే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015ల చెప్పిన దాన్ని బట్టి పెద్దోళ్లకు ఇసొంటి చక్కెర రోజుకు 50 గ్రాములు దాటొద్దు, 25 లోపటుంటే ఇంకా మేలు. తేనె, పండ్ల రసం గూడ ఆ లెక్కలకే వస్తయి. పండుకు పండు తింటే మాత్రం రాదు. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గూడ 2024ల ప్యాకెట్ల మీద రాసింది చదివి కొనుమనే చెప్పింది.

మన పల్లిపట్టి సంగతేందంటవా? కామారెడ్డి బెల్లానికి ఎంత పేరుండె! అయినా బెల్లం గూడ ఆ 25 గ్రాముల లెక్కలదే, దాపరికం లేదు. పల్లిపట్టి కొంచెం నయం ఎందుకంటే పల్లీలల్ల పావు వంతు దాంక ప్రొటీను, నమలకుంట మింగరాదు. సద్దుల బతుకమ్మ నాడు జొన్నరొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తం. అవి గూడ పొద్దుమూకినంక ఆడి ఆడి అలసినోళ్లు తినేటియి, ఏడాదికి ఒకనాడు.

బారు చెడ్డదని నేననను. కానిస్టేబుల్ పరీక్షకని పొద్దుగాల గ్రౌండ్ల ఉరుకుతున్న పోరగాండ్లకు, నాట్లేసుకుంట మధ్యాన్నం దాంక బువ్వ అందనోళ్లకు అది అక్కరకొస్తది. బువ్వ బదులు రోజూ అదే తినుడే నాకు నచ్చుతలేదు. చదువుకునే పిల్ల, ఎముకలు గట్టిపడే వయసు!

రేపు డబ్బల రెండు జొన్నరొట్టెలు, పెసర్ల గుడాలు పెట్టు. బారు కావాల్నంటే తీసుకపోనియ్యి, సగం తిననియ్యి, నీళ్లు తాగుమను. ఇంకో మాట, మీ అత్తమ్మకు షుగరున్నది గదా. చక్కెర కలపలేదని రాసి ఉన్నదని ఆమెకు ఆ బారు ఇయ్యకు, ఖర్జూరం ముద్దతోని గూడ షుగరు పెరుగుతది. సీతాఫలం ఎంత తినొచ్చో డాక్టరును అడుగు.

ఇంతకు పిల్ల బస్సు ఎన్నింటికి? ఏడింటికైతె పెసర్లు ఇప్పుడే నానెయ్యాలె.