చిత్ర క్రింది చుక్క

వైశాఖ జ్యేష్ఠ మాసములలో చంద్రుడు లేని రాత్రి, తొమ్మిది పది గంటల వేళ దక్షిణముఖముగా నిలిచి తలయెత్తినచో, నడినెత్తికి కొంత క్రిందుగా తెల్లని చుక్క యొకటి మెఱయుచుండును. అది చిత్ర. పంచాంగము చూచు నిండ్లలోని స్త్రీల కీ పేరు క్రొత్త గాదు. చైత్రమున కా పేరు వచ్చినది దీనివలననే. మన పెద్దలు దీనిని ముత్యముతో పోల్చిరి. ఆ ముత్యమునకు దారము కట్టి తిన్నగా దక్షిణదిక్కునకు వ్రేలాడదీసినట్లు భావింపుడు. చేయి చాచి, పిడికిలి బిగించి, దానితో మూడున్నర పిడికిళ్లు క్రిందికి కొలువుడు. అచ్చట మసకగా నొక చుక్క యుండును. సోదరీమణులారా, ఈ నాలుగు మాటలును దానిని గూర్చియే.

దాని పేరు ఒమేగా సెంటారి. సగము మనిషియు సగము గుఱ్ఱమునైన సెంటారసు అను మండలములోనిది. 1603లో జర్మనీ దేశస్థుడగు బేయరు నక్షత్రపటములను వేయుచు దీనిని సామాన్యనక్షత్రముగా నెంచి, గ్రీకువర్ణమాలలో కడపటి యక్షరమును దీనికి పేరుగా నుంచెను. దక్షిణాకాశమును లిఖించుటకై సెయింటు హెలీనా ద్వీపమునకు పోయిన ఎడ్మండు హేలీ 1677లో దీనిని చూచి, ఇది చుక్క కాదు, వెలుగుమచ్చ యని గుర్తించెను. లండనులో నిది యెన్నడును నేలగీత పైకి రాదు. ఆయన యోడనెక్కి పోయి చూచినదానిని మనము డాబామెట్లెక్కి చూడగలము. ఇందు మన ప్రజ్ఞ యేమియు లేదు గాని, తలచినప్పుడెల్ల మాకు కొంచెము గర్వము కలుగుచునే యుండును.

మా వారు బడిపిల్లలకు చూపుటకై కొన్న రెండుకన్నుల దుర్భిణి యొకటి మా యింట నున్నది. దానితో చూచినప్పుడు చుక్క చుక్కగా నుండదు. వాకిట ముగ్గు పెట్టునప్పుడు చిటికెడు పిండి వ్రేళ్లనుండి జాఱి యొకచోట పడిన నెట్లుండునో అట్లుండును: నడుమ దట్టము, అంచుల పలుచన. తిన్నగా చూచుటకంటె కొంచెము ప్రక్కకు దృష్టి నిలిపి చూచిన మఱింత స్పష్టమగును. మసకవెలుగును పట్టుటలో కంటి నడిమిభాగముకంటె ప్రక్కభాగము నేర్పరి. కావ్యములలో నాయికల యోరచూపునకు శృంగారమొక్కటియే ప్రయోజనముగా చెప్పిరి. ఖగోళమునకు గూడ నది పనికివచ్చునని యే కవికిని తోచినట్లు లేదు. ఒక వేసవిలో మా వారి మిత్రులొకరు ఆఱంగుళముల దుర్భిణిని తెచ్చి మా డాబాపై నిలిపిరి. అందు చూడగా నా పిండిముద్ద విడి నూకలయ్యెను. నూకకు నూక వేఱు, ఎన్నని యెన్నుట?

పండితులు దానిని గోళాకార తారాగుచ్ఛ మందురు. మన పాలపుంతకు చెందిన యిట్టి గుచ్ఛములు సుమారు 150 వఱకు తెలిసియున్నవి. వానిలో నిదియే పెద్దది, ప్రకాశవంతమైనది. ఇందు దాదాపు కోటి నక్షత్రము లున్నవి. మనకును దానికిని దూరము సుమారు 17,000 కాంతిసంవత్సరములు. మన సూర్యుని వయస్సు 460 కోట్ల యేండ్లు కాగా, దీని వయస్సు ఇంచుమించు 1,200 కోట్ల యేండ్లు. సూర్యునకు మిక్కిలి సమీపమైన నక్షత్రము నాలుగు కాంతిసంవత్సరములకు పైబడి దూరమున నుండగా, ఆ గుచ్ఛము నడుమ నక్షత్రములు అందులో నలుబదవవంతు యెడముననే క్రిక్కిఱిసియున్నవి. 2024లో, హబుల్ దుర్భిణి యిరువది యేండ్లుగా తీసిన చిత్రములను పరిశీలించి, నడిబొడ్డున ఏడు చుక్కలు మితిమీఱిన వేగమున పరుగిడుచున్నవనియు, వానిని పట్టి యుంచుటకు కనీసము 8,200 సూర్యుల బరువుగల కృష్ణబిలము అచ్చట నుండవలెననియు చెప్పిరి.

మా అత్తగారి కివి యేమియు పట్టవు. "పెళ్లినాడు అరుంధతిని చూశావు గదా, ఇంకా ఏం చుక్కలమ్మా నీకు?" అందురు. వంటయిల్లు కడిగి, పాలు తోడువేసి, మఱునాటి పప్పు నానవేసిన పిదప మిగులు అరగంట నిద్రకు గాక మేడకేల యని యామె ప్రశ్న. అంతవఱకు నవ్వుచు సాగినది. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి "నేనూ వస్తా" ననినప్పుడు చిక్కు వచ్చినది. మా అబ్బాయి వేసవియంతయు డాబాపైననే పరుండును. ఎవరు నేమియు ననరు. పిల్ల మెట్టెక్కిన ప్రక్కయింటివారు తలలెత్తుదురు. పైగా ఆ గుచ్ఛము బాగుగా కనబడునది అమావాస్యనాడు. ఆనాడు ఆడుపిల్ల ఆరుబయట నుండరాదని మా అత్తగారి పట్టు.

అప్పుడు మే మామెకు హెలెన్ సాయర్ హాగ్ అను నామె కథ చెప్పితిమి. అమెరికాలో పుట్టిన యీమె 1931లో భర్తతో కెనడాలోని విక్టోరియాకు వచ్చెను. వేధశాలలో జీత మాయనకే. ఈమె జీతము లేని సహాయకురాలు. 72 అంగుళముల దుర్భిణితో నీ గుచ్ఛములనే రాత్రులయందు చిత్రించెడిది. 1932లో కూతురు పుట్టగా, ఆ శిశువును బుట్టలో పరుండబెట్టి దుర్భిణి చెంతనుంచుకొని పనిచేసెను. వెలుగు పెరిగి తరిగెడు చుక్కలు కొన్ని యీ గుచ్ఛములలో నుండును. వాని లెక్కవలననే దూరములు తెలియును. అట్టివానిని 1,116 చేర్చి 1939లో పట్టిక వెలువరించెను. 1951లో భర్త పోయిన పిదప మువ్వురు పిల్లలను సాకుచు విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పెను. ముప్పదియేండ్లు వారము వారము పత్రికలో నక్షత్రముల గూర్చి వ్రాసెను.

మా అత్తగారు బుట్టలోని బిడ్డ కథవద్ద మాత్రము ఆపి, "ఆ చలిలో పసిదానికి దుప్పటైనా కప్పిందా?" అని యడిగిరి. కప్పియే యుండునంటిమి.

ఆ నెల అమావాస్యకు అమ్మాయి మాతో డాబా యెక్కినది. ప్రక్కయింటివారు చూచిరి, ఏమైన ననుకొని యుందురు. పిల్ల చిత్రనుండి పిడికిళ్లు తానే కొలిచి, మాకంటె ముందు చుక్కను పట్టి, ఓరచూపున చాలసేపు చూచినది. ఇప్పుడు దానికొక నోటుపుస్తక మున్నది. అందు తేదీయు, వేళయు, మబ్బుల సంగతియు వ్రాయుచున్నది. ఆషాఢము వచ్చిన వానమబ్బులు దక్షిణమును మూయును గనుక, మిగిలిన రాత్రులు కొన్నియే. వచ్చు అమావాస్య యే వారము పడినదో నిన్న మా అత్తగారే పంచాంగము తీసి చూచి, దానికి చెప్పిరి.